ఇండియానాపొలిస్ కాలువను ముంచింది మాంద్యం కాదు, పంపకం

1836 జనవరి 27న గవర్నర్ నోవా నోబుల్ ఒక చట్టం మీద చేసిన ఒక్క సంతకంతో అమెరికాలోని ఇండియానా రాష్ట్రం కాలువలు, రోడ్లు, రైలుమార్గాల కోసం కోటి డాలర్ల అప్పుకు సిద్ధపడింది. వడ్డీ ఐదు శాతం, అంటే ఏటా 5 లక్షల డాలర్లు. రాష్ట్రానికి ఏడాదంతా వచ్చే ఆదాయమో, లక్షకు లోపే. ఈ రెండు అంకెలూ పక్కపక్కన చూసిన శాసనసభ్యుడికి నిద్ర పట్టకూడదు. హాయిగా పట్టింది, ఎందుకంటే చట్టంలో ప్రతి ప్రాంతానికీ ఏదో ఒకటి రాసిపెట్టారు.

పప్పుబెల్లాల్లా పంచారు. సెంట్రల్ కాలువకు 35 లక్షలు, వైట్‌వాటర్ కాలువకు 14 లక్షలు, మాడిసన్ రైలుమార్గానికి 13 లక్షలు, మిగతాది రోడ్లకు, ఇతర పనులకు. సెంట్రల్ కాలువ ఉత్తరాన వాబాష్-ఈరీ కాలువ దగ్గర మొదలై, రాజధాని ఇండియానాపొలిస్ మీదుగా ఒహాయో నది ఒడ్డున ఉన్న ఎవాన్స్‌విల్ వైపు 296 మైళ్లు సాగాలి. చివరికి తేలింది బ్రాడ్ రిపుల్ దగ్గర వైట్ నది మీద ఆనకట్ట, అక్కడి నుంచి నగరం దాకా దాదాపు 8 మైళ్ల కాలువ, దారిలో ఫాల్ క్రీక్ అనే వాగు మీదుగా కాలువను దాటించే వంతెన (ఆక్విడక్టు). మిగతాచోట్ల అక్కడో ముక్క ఇక్కడో ముక్క తవ్వి, 1839లో పనులు ఆపేశారు.

రోడ్డయితే వేసినంత మేర పనికొస్తుంది. పడవల కాలువ అలా కాదు, రెండు కొసలూ సరుకు దొరికేచోటికి చేరేదాకా సుంకం రాలదు. పైగా తవ్వి వదిలేసిన కాలువ ఉన్నచోటే పాడవుతుంది. నీరు ఇంకిపోకుండా అడుగునా గట్లకూ బంకమన్ను తడిపి, పొరలు పొరలుగా తొక్కి గట్టిపరుస్తారు. దాని మీద నీళ్లు నిలబడి ఉండాలి. ఎండితే పగుళ్లిస్తుంది, మళ్లీ నీళ్లు వదిలిన రోజు ఆ పగుళ్లే గండ్లవుతాయి. లాకుల్లో, అంటే పడవలను ఒక నీటిమట్టం నుంచి మరోదానికి ఎక్కించి దించే తలుపుల అరల్లో, వాడిన కలప ఎండకీ వానకీ మార్చి మార్చి తడిసి ఆరి పుచ్చిపోతుంది. అంటే ఆగిన పనికి ఖర్చు ఆగదు. ఇండియానాపొలిస్‌లో ఆ 8 మైళ్ల నీరు పిండిమరలనూ ఉన్ని మిల్లులనూ తిప్పింది తప్ప, అప్పు తీర్చే రవాణా పుట్టించలేదు.

న్యూయార్క్ రాష్ట్రంలో ఈరీ కాలువ ఎలా కట్టారో చూడండి. 1817లో ఆ రాష్ట్రంలోనే ఉన్న రోమ్ అనే ఊరి దగ్గర, నేల చదునుగా ఉన్న నడిమి భాగంలో మొదలుపెట్టారు. అక్కడ లాకులు తక్కువ. అది తెరిచి సుంకం వసూలు చేస్తూ, ఇంజనీర్లూ మేస్త్రీలూ చేయి తిరిగాకే కష్టమైన చోట్లకు వెళ్లారు. 1825కల్లా 363 మైళ్లూ ముగించారు. ఇండియానాలో అన్ని పనులకూ ఒకేసారి కొబ్బరికాయ కొట్టారు. ఉన్న కొద్దిమంది ఇంజనీర్ల కోసం, కూలీల కోసం రాష్ట్రం తనతో తానే పోటీపడి కూలి రేట్లు పెంచుకుంది.

1837 మాంద్యమే ముంచిందని వాదించేవాళ్లున్నారు. నిజమే, ఈ అప్పు కోసం రాష్ట్రం జారీ చేసిన బాండ్లను అరువు మీద తీసుకున్న మోరిస్ కెనాల్ అండ్ బ్యాంకింగ్ కంపెనీ దివాలా తీసింది, బాకీ రాలేదు. కానీ అదే మాంద్యం పక్కనున్న ఒహాయోకూ తగిలింది. ఒహాయో-ఈరీ కాలువను 1832కే పూర్తిచేసుకుని ఉన్న ఆ రాష్ట్రం వడ్డీ ఎగ్గొట్టలేదు. ఇండియానా 1841లో ఎగ్గొట్టింది. అసలు, డబ్బు చేతికి రాకముందే బాండ్లు అప్పగించాల్సిన తొందర ఎక్కడిది? అన్ని పనుల కాంట్రాక్టర్లకూ ఒకేసారి బిల్లులు చెల్లించాల్సి రావడం వల్లే కదా!

1851 రాజ్యాంగంలో ఇండియానా దీనికి మందు రాసుకుంది: తాత్కాలిక లోటు, పాత అప్పు మీద వడ్డీ, దండయాత్రను, తిరుగుబాటును ఎదుర్కోవడం లాంటి అవసరాలకు తప్ప రాష్ట్రం అప్పు చేయరాదు. నా దృష్టిలో అది తప్పు మందు. ఆ నిబంధన అప్పునే కట్టేసింది. నీ కాలువకు నేను, నా రోడ్డుకు నువ్వు అనే ఓట్ల మారకాన్ని ముట్టుకోనేలేదు. ఇంత అప్పుతో ఒక్క కాలువ కట్టి ఉంటే గట్టెక్కేవారు. 1836 చట్టంలో ఒక్క షరతు చాలేది: మొదటి పని మీద వసూళ్లు మొదలయ్యేదాకా రెండో పనికి కాంట్రాక్టు ఇవ్వరాదు. కానీ ఆ షరతు పెడితే చట్టానికి సభలో మెజారిటీ దొరికేది కాదు.