దూది ఏకే చేతికి జాబితాలో చోటేదీ?

చేతివృత్తులవారిని ఆదుకుంటామంటూ కేంద్రం 2023 సెప్టెంబరు 17న పీఎం విశ్వకర్మ పథకం తెచ్చింది. అందులో 18 వృత్తులకు చోటిచ్చింది. వడ్రంగులు, కమ్మరులు, కుమ్మరులు, క్షురకులు, రజకులు, దర్జీలు ఉన్నారు. పూలదండలు కట్టేవారూ, చేపల వలలు అల్లేవారూ ఉన్నారు. ఊరూరా తిరిగి దూది ఏకి పరుపులు కుట్టిన ముస్లిం వృత్తికులం దూదేకులవారు మాత్రం లేరు. వీరబ్రహ్మంగారి శిష్యుడు దూదేకుల సిద్దయ్య తత్వాలు పాడుకునే నేల మీద ఈ మరపు మాకు బాధ కలిగిస్తోంది.

పేరుంటే దక్కేది తక్కువేమీ కాదు. శిక్షణలో రోజుకు రూ.500 భృతి, పనిముట్లకు రూ.15 వేల ఈ-వోచరు, 5 శాతం వడ్డీకి తొలి విడత లక్ష, మలి విడత 2 లక్షల రుణం ఇస్తారు. ఇప్పుడు పరుపులు కుట్టే మనిషి అవి కావాలంటే దర్జీనని రాయించుకోవాలి. అప్పుడు నేర్పేది బట్టల కటింగు. అతనికి కావలసింది అది కాదు.

కావలసిందేమిటో ఏకుడు యంత్రం దగ్గర నిలబడితే తెలుస్తుంది. పాత పరుపు విప్పగానే దూదిని ఎండలో ఆరబెట్టాలి. తడి ఉంటే అది ముళ్ల రోలరుకు చుట్టుకుని మోటారును ఆపేస్తుంది. ఆరిన దూదిని చేత్తో తడిమి పిన్నులు, గుండీలు, సూది ముక్కలు ఏరేయాలి. ఇనుప ముక్క ముళ్లకు తగిలి నిప్పురవ్వ లేచిందంటే గదిలోని దూదంతా అంటుకోవడానికి క్షణం చాలు. యంత్రం నుంచి లేచే దుమ్ము ఏళ్ల తరబడి ఊపిరితిత్తుల్లోకి పోయి ఆయాసం తెస్తుంది. గాలిని బయటికి లాగే ఫ్యాను, ముక్కుకు మాస్కు ఉండాల్సిందే. ఇక మూడడుగుల వెడల్పు, ఆరడుగుల పొడవు పరుపుకు సుమారు పది కిలోల దూది పడుతుంది. జానెడు దూరానికో టాకా (దూదిని పట్టి ఉంచే కుట్టు) బిగించి వేయకపోతే ఆర్నెల్లకే దూది అంచులకు జారి నడుమ గుంట పడుతుంది. దూది, గలీబు గుడ్డ, దారం, కరెంటు, ఇద్దరి కూలి కలిపి ధర కట్టడం కూడా ఈ పనిలో భాగమే. ఇవన్నీ నేర్పేదే అసలైన శిక్షణ.

మైనారిటీ మహిళలకు నైపుణ్యమంటే కుట్టుమిషను ఇచ్చి ఫొటో తీసుకోవడమన్న అలవాటు పోవాలి. ఒక చిన్న ఊళ్లో ఇరవై మందికి ఒకేసారి జాకెట్లు కుట్టడం నేర్పితే కుట్టించుకునేవారు ఎక్కడి నుంచి వస్తారు? దుస్తుల ఫ్యాక్టరీకి పోదామంటే అక్కడుండేవి వేగంగా తిరిగే మోటారు మిషన్లు. కాలితో తొక్కే మిషను మీద నేర్చిన చేయి వాటి ముందు తడబడుతుంది. బ్యాంకులు నడిపే గ్రామీణ స్వయం ఉపాధి శిక్షణ సంస్థలు ఉచితంగా భోజనం, వసతి ఇస్తాయి, నిజమే. పసిపిల్లల తల్లి ఇల్లు వదిలి అక్కడ ఉండగలదా? ఊళ్లోని షాదీఖానాలోనో, బడి వరండాలోనో బ్యాచ్ పెట్టాలి.

పనితోపాటు గిరాకీ కూడా చూపాలి. సంక్షేమ వసతి గృహాలకు, ఆరోగ్య కేంద్రాలకు ప్రభుత్వమే పరుపులు కొంటుంది. టెండర్లను చిన్న మొత్తాలుగా విడగొట్టి, నమూనా పరుపు విప్పి బరువు, టాకాలు సరిచూసి, స్థానిక సంఘాలకు కొంత వాటా ఇవ్వడం కష్టమేమీ కాదు.

ఇక కాగితాల గొడవ. దూదేకుల, లద్దాఫ్, పింజారి, నూర్‌బాష్ అన్న పేర్లన్నీ వెనుకబడిన తరగతుల జాబితాలోని బీసీ-బీ విభాగంలో ఒకే వరుసలో ఉన్నాయి. ముస్లింలలోని ఇతర వెనుకబడిన వర్గాలకు 2007 చట్టంతో వచ్చిన 4 శాతం కోటా బీసీ-ఈలో ఉంది. బడి రికార్డులో ఒట్టి ‘ముస్లిం’ అని ఉంటే ఏ విభాగమో తేలక కులధ్రువీకరణ దరఖాస్తు తిరిగొస్తుంది. తండ్రికి ఒక పేరు, కొడుక్కి మరో పేరు రాసి ఉన్నా అంతే. నాలుగుసార్లు తహసీల్దారు ఆఫీసుకు తిరిగితే నాలుగు రోజుల కూలి పోతుంది. హక్కుల కోసం పనిచేసే సంఘాలు సభలకన్నా ముందు ఈ ఫైళ్ల వెంట పడాలి. తండ్రి ధ్రువపత్రం, రేషన్ కార్డు, బడి రికార్డు పక్కపక్కన పెట్టి తేడాలు రాసుకోవాలి. పదో తరగతి ధ్రువపత్రం అచ్చయ్యాక సవరణ బహు కష్టం. తొమ్మిదిలో ఉండగానే ప్రధానోపాధ్యాయుడి దగ్గరికి వెళ్లాలి.