మూడో పడవ గురించి పెద్దలేమీ అనలేదు

రెండు పడవల మీద కాళ్లు పెట్టొద్దన్న పెద్దలు మూడో పడవ ఊసెత్తలేదు, అందుకే మన హైదరాబాద్ కుర్రాళ్లు సినిమా, స్టార్టప్, టెక్నాలజీ మూడూ ఒకేసారి ఎక్కేస్తున్నారు. ఊరు కూడా సహకరిస్తోంది. సినిమా వాళ్ల అడ్డా కృష్ణానగర్ పక్కన యూసుఫ్‌గూడలో మెట్రో ఎక్కితే రాయదుర్గం దాకా లైను మారే పనే లేదు, దిగితే స్టార్టప్‌ల అడ్డా టీ-హబ్ దగ్గరే.

ఈ కెరీర్‌కి రావాల్సిన విద్య ఒక్కటే. ఎక్కడున్నా, మిగతా రెండు చోట్లా ఊపిరాడనంత బిజీ అని చెప్పాలి. కృష్ణానగర్ టీ కొట్టు దగ్గరైతే "అన్నా, బేసిగ్గా నాది ఏఐ స్టార్టప్, సినిమా ప్యాషన్". రాయదుర్గంలో ఇన్వెస్టర్ కనిపిస్తే "సార్, ఫిల్మ్‌నగర్‌లో పెద్ద హీరోకి నరేషన్ అయింది, డేట్ల కోసం చూస్తున్నాం". కోడ్ ఏదని అక్కడ అడగరు, కథ ఏదని ఇక్కడ అడగరు. జీతం ఏదని ఇంట్లో నాన్న మాత్రం అడుగుతారు. దానికి ప్రీ-రెవెన్యూ (ఇంకా పైసా రాలేదని అర్థం) అనే మాటుంది, అదేంటని ఆయన అడిగేలోపు మెట్రో ఎక్కేయాలి.

ఇదేదో కొత్త ట్రెండ్ కాదండోయ్. మద్రాసులో ఫొటో స్టూడియో నడిపిన రఘుపతి వెంకయ్య గారు 1910 ప్రాంతంలోనే విదేశాల నుంచి క్రోనోమెగాఫోన్ అనే బొమ్మలాడించే యంత్రం తెప్పించి ఊరూరా బొమ్మలు చూపించారు, థియేటర్లు కట్టించారు, కొడుకు ప్రకాశ్‌ని సినిమా నేర్చుకోమని విదేశాలకు పంపారు, 1921లో ఆ కొడుకు 'భీష్మ ప్రతిజ్ఞ' తీశాడు. పాపం ఆయనకి వరస తెలీలేదు, ముందు యంత్రం కొన్నారు. మనం ముందు లింక్డ్‌ఇన్‌లో ఫౌండర్ అవుతాం, తర్వాత లోగో, ఆ పైన వీలు చిక్కితే కంపెనీ.

టెక్నాలజీ అంటే కంప్యూటర్ ముందు కూర్చోవడం అనుకునేరు. అది రోటో, అంటే సీన్లో మనిషిని వెనకున్న దృశ్యం నుంచి విడదీసే పని, చేసే కుర్రాడి పని. సెకనుకి 24 ఫ్రేములు, నిమిషం సీనుకి 1,440, హీరో జుట్టు అంచు వెంబడి గీత గీసుకుంటూ, ఫ్రేము ఫ్రేముకీ సరిచూసుకుంటూ తెల్లవారుజాముకి ముగిస్తే, "ఆ షాట్ తీసేశాం" అని డైరెక్టర్ ఆఫీసు నుంచి మెసేజ్ వస్తుంది. అతనికి సినిమా తెలుసు, టెక్నాలజీ తెలుసు, నైట్ షిఫ్టులో బిర్యానీకి అందరి దగ్గరా డబ్బులు వసూలు చేసేంత వ్యాపారమూ తెలుసు. అయినా 'సినిమా భవిష్యత్తు' మీద ప్యానెల్ పెడితే పిలుపు మనకే. అతని పేరు తెర మీద పడే టైముకి జనం పార్కింగ్‌లో బండ్లు వెతుక్కుంటుంటారు.

ప్యానెల్‌లో ఎవడైనా తుంటరి లేచి "ఇంతకీ మీరు తీసిన సినిమా?" అంటే కంగారుపడొద్దు. "మేం తీయం, డిస్రప్ట్ చేస్తాం" అనాలి. చప్పట్లు పడతాయి.

ఇక డబ్బు. మొదటి రౌండు డాలస్‌లో ఉన్న బావ పెడతాడు. ఈక్విటీ, అంటే కంపెనీలో వాటా, ఇస్తామన్నా ఆయన వద్దంటాడు, సినిమాలో చిన్న వేషం చాలంటాడు. వెంటనే ఒప్పుకోండి, ఈక్విటీ కంటే చవక. అదీ పోలీసు వేషమైతే రెండో రౌండు కూడా ఆయనే పెడతాడు.