తొమ్మిదింటికి తెరిస్తే తల్లికేం లాభం?

మిరప కోతకు పోవాలన్నా, వేసవిలో ఉపాధి పనికి దిగాలన్నా ఎండ ముదరకముందే ఇల్లు కదలాలి. ఊళ్లో అంగన్‌వాడీ తలుపు తీసేదేమో తొమ్మిదింటికి. నడుమ ఆ రెండు మూడు గంటలు మూడేళ్ల పిల్ల ఎవరి దగ్గరుండాలి? అవ్వ ఉంటే అవ్వ దగ్గర, లేకుంటే బడి ఎగ్గొట్టిన అక్క దగ్గర. చంటిబిడ్డయితే చేను గట్టున చెట్టుకు కట్టిన చీర ఉయ్యాలలో. అంగన్‌వాడీలను నడిపే సమగ్ర శిశు అభివృద్ధి సేవల పథకం 1975 అక్టోబర్ 2న మొదలై యాభయ్యేళ్లు దాటింది. పిల్లల బరువు, ఎత్తు, టీకాలు అన్నీ రిజిస్టరుకెక్కాయి. తల్లి ఎన్నింటికి పనికి వెళ్తుందో రాసుకునే గడి మాత్రం అందులో లేదు.

పథకం చిన్నదేమీ కాదు. దేశంలో 33 బ్లాకులతో మొదలై ఇవాళ ఆంధ్రప్రదేశ్‌లో 55 వేల పైచిలుకు, తెలంగాణలో 35 వేల పైచిలుకు కేంద్రాలతో నడుస్తోంది. ఆరు నెలల నుంచి ఆరేళ్ల వరకు ప్రతి బిడ్డకూ వయసుకు తగిన ఉచిత భోజనాన్ని 2013 నాటి ఆహార భద్రత చట్టం హక్కుగా చేసింది. గుడ్డు చిన్నదొచ్చిందనో, పోయిన నెల పాలు రాలేదనో తల్లులు ఇప్పుడు టీచరును నిలదీస్తున్నారు. అధికారులకు అది గొడవలా కనిపించవచ్చు. మాకైతే చట్టం ఊళ్లోకి చేరిందనడానికి గుర్తుగా కనిపిస్తోంది.

కొత్తగా వచ్చిన తిప్పలు ముఖ గుర్తింపుతో. 2025 జులై నుంచి ఇంటికిచ్చే సరుకుకు అంగన్‌వాడీల లెక్కలు నమోదు చేసే పోషణ్ ట్రాకర్ యాప్‌లో ముఖం చూపించాలి. దానికి ముందు ఆధార్‌తో ముడిపడిన నంబరుకు ఓటీపీ రావాలి. చాలా ఇళ్లలో ఆ నంబరు భర్తది. అతను హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో పరంజా మీద ఉంటాడు. ఫోను ఎత్తేదెప్పుడు, అంకెలు చదివి చెప్పేదెప్పుడు? పిల్లలు లేకుండా పేర్లు నడిపిన కేంద్రాలు లేవని ఎవరూ అనరు. దొంగ లెక్కలకు అడ్డుకట్ట వేయాల్సిందే. అయితే సిగ్నల్ అందని గూడెంలో బిడ్డను చంకనెత్తుకుని వచ్చిన తల్లిని వట్టి చేతులతో పంపే అధికారం యాప్‌కు ఉండకూడదు. బిడ్డ ఎదురుగా ఉన్నప్పుడు టీచరు సంతకం చాలు.

పిల్లలను మూడేళ్లకే ఆటో ఎక్కించి పక్క టౌన్‌లో ఎల్‌కేజీకి పంపుతున్నారని తల్లిదండ్రులను తప్పుపట్టడం తేలిక. ఇంగ్లిషు మోజు ఉన్నమాట నిజమే. అంగన్‌వాడీలో అన్నం పెట్టి పడుకోబెడతారు తప్ప ఏం నేర్పరన్న చులకనా ఉంది. కానీ ఇంకొకటి కూడా గమనించాలి. ఆ ఆటో ఎనిమిదింటికల్లా గుమ్మం ముందుకొస్తుంది. తల్లి కూలికి సకాలంలో చేరుతుంది. ఆ గంట కోసం కుటుంబం ఫీజు కడుతోందన్న సంగతి సమీక్షా సమావేశాల్లో ఎవరైనా అన్నారా?

ఈ భారాన్ని కూడా టీచరు నెత్తినే వేయాలని మేం అనడం లేదు. 2023 డిసెంబర్ 12న సమ్మెకు దిగిన ఆంధ్రప్రదేశ్ అంగన్‌వాడీలు 42 రోజులు రోడ్డు మీదున్నారు. వారిపై ఎస్మా, అంటే అత్యవసర సేవల్లో సమ్మెను నిషేధించే చట్టం, ప్రయోగించారు. అత్యవసర సేవ అని అప్పుడు గుర్తొచ్చింది, జీతం దగ్గరికొచ్చేసరికి మాత్రం అది ‘గౌరవ వేతనం’. 2018లో కేంద్రం 4,500 రూపాయలకు పెంచిన ఆ వేతనం ఆ తర్వాత ఏళ్ల తరబడి కదల్లేదు.

పొద్దున్నే పిల్లలను చూసుకోవడానికి వేరే మనిషి కావాలి, వేరే జీతం కావాలి. ఇది కొత్త ఆలోచనేం కాదు. ఆరేళ్లలోపు పిల్లలు ఐదుగురు పని చోటికి వస్తే వాళ్లను చూసుకోవడానికి ఒక మహిళను పెట్టాలని 2005 నాటి ఉపాధి హామీ చట్టంలోనే రాశారు. అలా పెట్టిన మనిషిని కళ్లారా చూసిన కూలీలు అరుదు. పొరుగున కర్ణాటక ‘కూసిన మనె’ పేరుతో గ్రామ పంచాయతీల్లో కూలీల పిల్లలకు శిశు సంరక్షణ కేంద్రాలు తెరిచింది. పనికెళ్లే తల్లుల పిల్లలను చూసుకోవడానికి కేంద్ర ప్రభుత్వానిదే ‘పాల్నా’ పథకం కూడా ఉంది.

వేళలు జిల్లా కార్యాలయంలో కాక గ్రామసభలో, తల్లులను కూర్చోబెట్టి నిర్ణయించాలి. కోతల కాలంలో ఆరింటికే తెరవమంటే తెరవాలి. ఈసారి మిరప కోతలు మొదలయ్యేలోపు మండలానికి ఐదారు కేంద్రాల్లోనైనా ఇది చేసి చూడాలి.