పేర్లు చూసి వైవిధ్యం తేల్చేస్తారా?

శ్రీకాకుళం డాక్టర్ల వాట్సాప్ గ్రూపుల్లో ఒక మెసేజ్ తెగ తిరుగుతోంది. వైద్య పత్రికల్లో పరిశోధన పేపర్లు రాసేవాళ్లలో ఆడా మగా ఎప్పుడో సమానమైపోయారట. రచయితల పేర్లు సాఫ్ట్‌వేర్‌కి ఇస్తే ఎవరు ఆడో ఎవరు మగో నిమిషంలో తేలిపోతుందట. ఉద్దానం కిడ్నీ జబ్బు పేపర్లలోనూ మనవాళ్ల పేర్లే ఉన్నాయట. ఈ మూడింటిలో ఏదీ అలా నమ్మేసే మాట కాదు.

సమానం అంటున్నారు కదా, లెక్క ఏదీ? ఆరు పెద్ద పత్రికల మీద 2016లో బీఎంజే అనే బ్రిటిష్ వైద్య పత్రికలో వచ్చిన అధ్యయనంలో, మొదటి రచయితల్లో (పేర్ల వరసలో ముందున్నవాళ్లలో) మహిళలు 1994లో 27 శాతం, 2014లో 37 శాతం. పైగా పేరు ఏ స్థానంలో ఉందన్నది ముఖ్యం. అమెరికా డాక్టర్ల మీద చేసిన మరో అధ్యయనంలో 2004 నాటికి మొదటి పేరు మహిళది అయిన పేపర్లు 29.3 శాతం ఉంటే, చివరి పేరు 19.3 శాతమే. చివరి పేరు సాధారణంగా టీమ్‌ని నడిపించిన పెద్దాయనదో పెద్దావిడదో అయి ఉంటుంది. అన్ని పేర్లూ కలిపి లెక్కిస్తే ఈ తేడా కనబడదు.

ఇక సాఫ్ట్‌వేర్. ఇంటిపేరు కాకుండా మనిషికి పెట్టిన పేరును బట్టి ఆడో మగో ఊహించడమే దాని పని. మన వైపు సింహాచలం అని మగవాళ్లకీ పెడతారు, ఆడవాళ్లకీ పెడతారు. లక్ష్మీ నారాయణ అని విడదీసి రాస్తే మొదటి ముక్క చూసి ఆయన్ని మహిళ అనేసే ప్రమాదం ఉంది. ఇంటిపేరు ముందు రాసుకునే మనకి పత్రిక ఫారంలో ఏ గడిలో ఏది నింపాలో ఎప్పుడూ టెన్షనే. పొడి అక్షరాలే ఉంటే ఆ పేరు లెక్కలోంచే పోతుంది. వైవిధ్యం అంటే కులం కూడా కదా, ఆ సంగతి ఇక చెప్పక్కర్లేదు: ఒకే ఇంటిపేరు నాలుగు కులాల్లో ఉంటుంది. సీతంపేట కొండల్లోంచి చదువుకుని వచ్చిన సవర గిరిజన డాక్టరమ్మ రచయితల జాబితాలో ఉన్నా, పేరు చూసి ఎవరు పోల్చుకోగలరు? రచయితనే అడగాలి, చెప్పడం ఇష్టం లేకపోతే వదిలేసే వీలూ ఇవ్వాలి.

ఉద్దానం మాట నాకు ఎక్కువ బాధ కలిగించింది. కవిటి, సోంపేట, వజ్రపుకొత్తూరు ఊళ్లలో ఈ పరిశోధనల కోసం పొద్దున్నే గుమ్మం ముందు నిలబడి, మూత్రం డబ్బా మీద పేరు రాసి, ఐస్ పెట్టెలో సర్దేవాళ్లు ఉంటారు. శాంపిల్ తీసినంత మాత్రాన రచయిత అయిపోరు, ఒప్పుకుంటాను. రచయితగా పేరు వెయ్యడానికి వైద్య పత్రికల సంపాదకుల అంతర్జాతీయ కమిటీ పెట్టిన షరతులు నాలుగు: గణనీయమైన కృషి, రాయడం లేదా సవరించడం, తుది ఆమోదం, జవాబుదారీ. కానీ మొదటి షరతు తీర్చినవాళ్లకి మిగతా పనుల్లో పాల్గొనే అవకాశం ఇవ్వాలని కూడా ఆ కమిటీయే చెప్పింది. సర్వే రూపకల్పనలో కూర్చున్న స్థానిక డాక్టరుకి డ్రాఫ్టే పంపకుండా, పేరు కృతజ్ఞతల్లో వేసేస్తే అది ఆ నియమానికి విరుద్ధం.

ఈసారి ఉద్దానం పేపర్ చేతికొస్తే పేర్ల కింద చిరునామాలు, పేర్ల వరస, చివర కృతజ్ఞతల పేరా కూడా చదివి, అప్పుడు ఆ మెసేజ్ ఫార్వర్డ్ చెయ్యాలో వద్దో చూసుకోండి.