వోర్టెక్ హెడ్లు బిగిస్తే ‘ఊరికే యాభై హార్స్‌పవర్’ రాదు

అమెరికాలో పాత షెవర్లే ఇంజన్లు కట్టుకునే మనవాళ్ల మధ్య ఒక మాట బాగా తిరుగుతోంది. “1996–2000 ట్రక్కుల నుంచి వోర్టెక్ హెడ్లు జంక్‌యార్డ్‌లో ఊడదీసుకో, కడిగి నీ పాత 350 మీద బిగించు. ఇంకేమీ మార్చక్కర్లేదు, యాభై హార్స్‌పవర్ ఊరికే వస్తుంది” అని. హెడ్లంటే సిలిండర్ల పైన మూతలా బిగించే, వాల్వులుండే ఇనుప దిమ్మలు; 350 అంటే 350 ఘనపు అంగుళాల, అంటే 5.7 లీటర్ల షెవర్లే ఇంజన్. ఈ హెడ్లంటే నాకూ ప్రాణమే. అందుకే ఆ మాట నమ్మి డబ్బు పోగొట్టుకున్నవాళ్లను చూస్తే బాధేస్తుంది.

ముందు ఆ యాభై సంగతి. 1995 పికప్‌లో 5.7 లీటర్ల ఇంజన్‌కు కంపెనీ చెప్పిన పవర్ 200. మరుసటి ఏడాది వోర్టెక్ వచ్చాక అది 250 అయింది. తేడా యాభై, నిజమే. కానీ అప్పుడు మారింది హెడ్లొక్కటే కాదు. ఫ్యూయల్ ఇంజెక్షన్ పద్ధతి మారింది, వాల్వులను తెరిచే క్యామ్ కూడా రోలర్ రకానికి మారింది. అదంతా హెడ్ల ఖాతాలో రాసేస్తే ఎలా?

హెడ్ల వల్ల కచ్చితంగా వచ్చే లాభం ఒకటి కంప్రెషన్, అంటే సిలిండర్‌లో గాలి, పెట్రోల్ మిశ్రమం ఎన్ని రెట్లు నొక్కుకుంటుందో ఆ అంకె. 70ల నాటి చాలా 350 హెడ్లలో ఆ మిశ్రమం మండే చాంబర్ 76 సీసీ, వోర్టెక్‌లో 64. ఫ్లాట్ టాప్ పిస్టన్లు, మామూలు గ్యాస్కెట్ అనుకుని లెక్క వేస్తే 8.5 దగ్గరున్నది 9.6 దాకా వెళ్తుంది. పిస్టన్ పైన గుంట ఉంటే అంత రాదు. ఉబ్బు ఉంటే మామూలు పెట్రోల్‌తో నాకింగ్ (ఇంధనం అదుపు తప్పి మండి ఇంజన్ టకటకలాడడం) మొదలవుతుంది. పిస్టన్లు చూడకుండా ఎవరూ అంకె చెప్పలేరు.

“ఇంకేమీ మార్చక్కర్లేదు” అన్నది పూర్తిగా తప్పు. గాలిని హెడ్లకు అందించే పాత ఇంటేక్ మానిఫోల్డ్‌కు పన్నెండు బోల్టులు, వోర్టెక్‌కు ఎనిమిది, అవి కూడా దాదాపు నిలువుగా దిగుతాయి. కాబట్టి మానిఫోల్డ్ కొత్తది కొనాలి. 1986 దాకా వచ్చిన వాల్వ్ కవర్లు కూర్చోవు. వాల్వులను నొక్కే పాత రాకర్లు పనికిరావు, వాల్వు మీంచి పక్కకు జారకుండా తామే నిలిచే సెల్ఫ్ గైడెడ్ రాకర్లే కావాలి. ఎగ్జాస్ట్ వేడిని మానిఫోల్డ్ కిందికి తెచ్చే దారి ఈ హెడ్లలో లేదు గనుక, ఆ వేడితో పనిచేసే పాత చోక్ ఉంటే ఎలక్ట్రిక్‌ది పెట్టుకోవాలి.

వోర్టెక్ అని రాసి ఉన్నంత మాత్రాన సరిపోదు. ఆ పేరు 4.3 వీ6 మీదా ఉంది, 350 కన్నా చిన్నదైన 305 మీదా ఉంది, 1999 నుంచి వచ్చిన 5.3 మీదా ఉంది. 5.3 వేరే కుటుంబం, దాని హెడ్లు 350 మీద అసలు కూర్చోవు. వాల్వ్ కవర్ విప్పి, హెడ్ పోతలోనే అచ్చయిన కాస్టింగ్ నంబర్ చూడండి. చివరి మూడంకెలు 906 లేదా 062 ఉండాలి. 059 అయితే అది 305ది, ఇంటేక్ వాల్వు చిన్నది.

ఇక అన్నిటికన్నా ప్రమాదకరమైనది “కడిగి బిగించు” అన్న సలహా. యార్డుకు ఆ ట్రక్కు ఎందుకు చేరిందో ఎవరికీ తెలియదు. వేడెక్కి ఆగిపోయిన బండే కావచ్చు. ఈ హెడ్లు ఇంటేక్, ఎగ్జాస్ట్ వాల్వులు కూర్చునే సీట్ల మధ్య పగలడం మామూలు, ఆ ఇరుకు చోట వేడి దెబ్బ ఎక్కువ. నేను తెచ్చిన మొదటి జత కంటికి చక్కగా ఉంది. మెషిన్ షాపులో మ్యాగ్నాఫ్లక్స్ అనే పగుళ్ల పరీక్ష చేయిస్తే ఒకదానిలో సీట్ల మధ్య వెంట్రుకంత గీత బయటపడింది. పోత ఇనుము కాబట్టి అయస్కాంతం పట్టి ఇనుప పొడి చల్లితే పగులు దగ్గర పొడి గీతలా నిలుస్తుంది. నీటి జాకెట్ (హెడ్ లోపల నీళ్లు తిరిగే ఖాళీ) లోపలి పగులు మాత్రం అలా కనపడదు. దానికి రంధ్రాలు మూసి గాలి ఎక్కించి బుడగలు చూసే ప్రెషర్ టెస్ట్ తప్పదు. రెండూ చేయించాకే మిగతా పనికి డబ్బు పెట్టండి. యార్డులోనే ఆయిల్ మూత విప్పి చూడండి. లోపల పాల మీగడలా కనిపిస్తే ఆయిల్‌లో నీళ్లు కలిసి ఉండొచ్చు, నేనైతే ఆ బండి జోలికి పోను.

పెద్ద క్యామ్ వేద్దామనుకునేవాళ్లకు ఇంకొకటి. కంపెనీ నుంచి వచ్చిన స్థితిలో లిఫ్ట్ (వాల్వు తెరుచుకునే ఎత్తు) 0.460 అంగుళాలు దాటితే వాల్వ్ స్ప్రింగును పట్టుకునే రిటైనర్ కింది సీల్‌కు తగిలే భయం ఉంది. వాల్వు కదిలే గైడ్ పైభాగం తరిగించి, స్ప్రింగులు మార్చాలి. స్ప్రింగులు గట్టివైతే రాకర్లను పట్టుకునే, నొక్కి దించిన స్టడ్లు పైకి లేస్తాయి, మర స్టడ్లు వేయించాలి.

హెడ్లు కొనకముందే పరీక్షలు, గైడ్లు, సీట్లు, ఫేసింగ్ (హెడ్ అడుగును సమంగా చెక్కడం) అన్నీ కలిపి ఎంతవుతుందో మెషిన్ షాపులో అడగండి. ఇదే డిజైన్‌లో కొత్త కాస్టింగ్‌లు అమ్ముతున్నారు. రెండు ధరలూ దగ్గర దగ్గరగా ఉంటే కొత్తవే తీసుకోండి.