'అలల గ్యారంటీ' ప్యాకేజీ గారికి ఓరుగల్లు విన్నపం

మహారాజశ్రీ 'ఐదు రాత్రులు, ఆరు పగళ్ళు ద్వీప సర్ఫింగ్ ప్యాకేజీ' గారి దివ్యసముఖానికి హన్మకొండ నుంచి కాబోయే యాత్రికుడొకడు నమస్కరించి రాసుకొనునది. ఇక్కడ మేమంతా క్షేమం. అక్కడ మీరూ, మీ తగ్గింపు ధరలూ, ఆ ధరల నెత్తిన 'షరతులు వర్తిస్తాయి' అంటూ కూర్చున్న నక్షత్రపు గుర్తులూ క్షేమమని తలుస్తున్నాను.

సముద్రం లేని జిల్లాలో అలలు అమ్మడానికి దుకాణం తెరిచిన మీ ధైర్యాన్ని ముందుగా మెచ్చుకోవాలి. మాకు నీళ్ళు కొత్త కావు. పాకాల, రామప్ప, లక్నవరం మా చుట్టూనే ఉన్నాయి. భద్రకాళి చెరువు ఊరి నడుమనే ఉంది. వానలు దంచిన ఏడు ఏ చెరువు మత్తడి దుంకిందని తెలిసినా పిల్లాజెల్లాతో బండ్లెక్కి చూడబోతాం. అయితే ఆ నీటి మీద పలక వేసి, దాని మీద నిలబడాలన్న కోరిక కాకతీయుల కాలం నుంచి ఇప్పటిదాకా ఇక్కడ ఎవరికీ పుట్టిన దాఖలా లేదు. ఆ లోటు మీరు తీర్చారు. హైదరాబాదులో ఉద్యోగం చేసి శనివారం ఇంటికి వచ్చే ప్రతి కుర్రవాడి ఫోనులోనూ ఇప్పుడు ఎవరో ఒకరు అల మీద నిలబడే ఉంటున్నారు. ఆ ఫోను చూసిన ప్రతి ఇంట్లోనూ ఈసారి సెలవులకు తిరుపతా, బాలీయా అన్న చర్చ నడుస్తోంది.

మీ రంగుల కరపత్రాన్ని నేను కళ్ళద్దాలు పెట్టుకొని చదివాను. మొదటి పుటలో శ్రీలంక, రెండో పుటలో బాలి, మూడో పుటలో మాల్దీవులు ఉన్నాయి. మూడు చోట్లా అదే ఎర్ర నిక్కరు మనిషి, అదే ఎడమ చెయ్యి చాపి, అదే అల మీద ఉన్నాడు. పాపం, ఊపిరి తిప్పుకోని ఉద్యోగం అనుకొని సరిపెట్టుకున్నాను. కానీ మాల్దీవుల పుటలో అల వెనక పచ్చటి కొండ ఒకటి కనిపించింది. ఆ దేశపు నేలలో అధికభాగం సముద్రమట్టానికి ఒక మీటరు ఎత్తైనా ఉండదు. మన పద్మాక్షి గుట్టను తీసుకెళ్ళి అక్కడ పెడితే వాళ్ళకు అదే ఎవరెస్టు అవుతుంది. కాబట్టి ఆ కొండ ఏ దేశానిదో, ఆ అల ఏ సముద్రానిదో, నేను కట్టబోయే డబ్బుతో చివరికి ఏ ఊళ్ళో దిగుతానో ముందే తేల్చి చెప్పవలసిందిగా ప్రార్థన. అదే పుటలో భోజనాల గడిలో 'కోక్స్, చికెన్స్ అందుబాటులో ఉన్నాయి' అని అచ్చయింది. అవి తులుస్దూ దీవి దగ్గర విరిగే రెండు పేరున్న అలలు. ఆ దీవిలోని కోకకోలా కర్మాగారం వల్ల ఒకదానికి, ఎదుటి దీవిలో ఒకప్పుడు ఉన్న కోళ్ళఫారం వల్ల రెండోదానికి ఆ పేర్లు వచ్చాయి. అలలను భోజనంలో కలిపినవారు మిగతా లెక్కలు ఏ పద్దులో కలిపారోనని నాకు గుబులుగా ఉంది.

ఇక కాలం సంగతి. మీ దగ్గర ఏడాది పొడుగునా అదే బొమ్మ, అదే 'అనుకూల వాతావరణం'. సముద్రానికి మాత్రం పన్నెండు నెలలూ ఒకే బుద్ధి ఉండదు. శ్రీలంక దక్షిణాన వెలిగామ, మిరిస్సా, హిక్కడువ తీరాల్లో నవంబరు నుంచి ఏప్రిల్ దాకా గాలి నేల మీంచి సముద్రం వైపు వీచి, విరగబోయే అలను నునుపుగా నిలబెడుతుంది. నైరుతి రుతుపవనం దిగిందంటే గాలి ఎదురు తిరిగి అక్కడి నీరంతా గజిబిజి అవుతుంది. అప్పుడు సర్ఫింగ్ చేసేవాళ్ళు మూటాముల్లె సర్దుకొని తూర్పు తీరంలోని అరుగంబేకు తరలిపోతారు. బాలిలో ఏప్రిల్ నుంచి అక్టోబరు దాకా పడమటి తీరానిది పైచెయ్యి, నవంబరు నుంచి మార్చి దాకా ఉండే అక్కడి వానాకాలంలో తూర్పు తీరానిది. మాల్దీవుల కాలం మార్చిలో మొదలై అక్టోబరుతో ముగుస్తుంది. ఈ సంగతులు ఆ వ్యాపారంలో ఉన్న ప్రతివారికీ కరతలామలకం. మాకు దొరికే సెలవులేమో దసరాకు, సంక్రాంతికి, ఎండాకాలానికి. దసరాకని మీరు పెట్టిన శ్రీలంక తేదీలనాటికి తూర్పు తీరపు కాలం ముగుస్తూ ఉంటుంది, దక్షిణ తీరపు కాలం ఇంకా మొదలై ఉండదు. సరిగ్గా ఆ సందులో ఉన్న వారానికే 'పండుగ ప్రత్యేకం' అని పేరు పెట్టి ధర పెంచిన మీ తెలివికి జోహార్లు. సద్దుల బతుకమ్మ నాడు ఇల్లు విడిచి రమ్మని మా ఆడవాళ్ళను అడిగే ధైర్యం మీకు ఉందేమో గానీ నాకు లేదు.

ఒడ్డున ఇసుక ఎంత తెల్లగా ఉంటుందో మీరు పేరాల కొద్దీ వర్ణించారు. నీటి అడుగున ఏముంటుందో మాత్రం ఒక్క ముక్క రాయలేదు. కొత్తగా నేర్చుకునేవాడికి కావలసింది ఆ ఒక్క ముక్కే. వెలిగామలోనూ, బాలిలోని కూటాలోనూ అడుగున ఇసుక ఉంటుంది. పడితే నోట్లోకి ఉప్పునీళ్ళు పోతాయి, అంతకు మించి పరువే పోతుంది. మాల్దీవుల్లో పేరున్న అలలన్నీ దాదాపుగా పగడపు దిబ్బల మీదనే విరుగుతాయి. అల ఎత్తుకు ఇంచుమించు ఒకటింబావు వంతు లోతుకు నీరు తగ్గేసరికి అల విరిగిపోతుందని లెక్క. అంటే మీటరు ఎత్తు అల విరిగేచోట నాకూ, కత్తుల పదునున్న పగడానికీ మధ్య ఉండేది ఛాతీ లోతు నీళ్ళే. మీకు తెలియదనను, ఆ దీవుల్లో సర్ఫింగ్ మొదలైందే ఒక ప్రమాదంతో. 1973లో టోనీ హిండే అనే ఆస్ట్రేలియా సర్ఫర్ ప్రయాణిస్తున్న పడవ అక్కడి దిబ్బకు తగిలి బద్దలైంది; ఒడ్డుకు చేరిన ఆయన ఆ అలలను చూసి అక్కడే ఉండిపోయాడు. పడవనే ఆపిన దిబ్బ మీద నన్ను పడవేసే పథకానికి 'పిల్లలకు, పెద్దలకు, మొదటిసారి ప్రయత్నించేవారికి' అని మీరు ముద్ర వేశారు.

పైగా 'ఈత రాకపోయినా ఫరవాలేదు' అని పసుపు రంగు గడిలో లావుపాటి అక్షరాలు. మాది నడుముకు బెండు కట్టుకొని వ్యవసాయ బావుల్లో దూకి నేర్చుకున్న ఈత. బావిలో ఏ వైపు ఈదినా చేతికి రాయి తగులుతుంది. సముద్రంలో విరిగిన అలల నీరు ఒక పాయగా వెనక్కి మళ్ళి మనిషిని లోపలికి లాగుతుందని, అప్పుడు ఒడ్డుకేసి ఎదురీదితే రెక్కలు పడిపోతాయని, ఒడ్డుకు సమాంతరంగా పక్కకు ఈది ఆ పాయ దాటాలని, సర్ఫింగ్ నేర్పే ఏ బడిలోనైనా పలక ముట్టకముందే చెబుతారు. ఈత రానివాడు పక్కకు ఎలా ఈదుతాడో మీ పసుపు గడిలో వివరించలేదు. వెనక పుటలో, చీమ తల కన్నా చిన్న అక్షరాల్లో, నీటిలో జరిగే దేనికీ సంస్థ బాధ్యత వహించదని మాత్రం వివరించారు. సాహసక్రీడల్లో తగిలే దెబ్బలు మామూలు ప్రయాణ బీమాలో చాలాసార్లు కవర్ కావని, దానికి వేరే ప్రీమియం కట్టాలని చెప్పే వాక్యం కోసం రెండు వైపులా వెతికాను. ఆ స్థలంలో ఉచిత వైఫై ఉంది.

మీ శ్రీలంక దినచర్య పట్టిక చూస్తే, ఆరు పగళ్ళలో సర్ఫింగ్ గంటన్నర. మిగిలిన కాలమంతా రత్నాల దుకాణం, తాబేళ్ళ సంరక్షణ కేంద్రం, గాలె కోట, బాతిక్ బట్టల దుకాణం, మసాలా తోట. కోట సంగతి అలా ఉంచండి, ఓరుగల్లు వాళ్ళకు కోటల మీద ప్రత్యేకాభిప్రాయాలు ఉంటాయి. నన్ను ఆపేసింది మసాలా తోట. ఎనుమాముల మార్కెట్టులో మిర్చి బస్తాల మధ్య తుమ్ముతూ పెరిగినవాళ్ళను, జగిత్యాల, నిజామాబాదు పసుపు కల్లాల్లో ఆడుకున్నవాళ్ళను విమానం ఎక్కించి తీసుకెళ్ళి, ఇదిగో మిరప, ఇదిగో పసుపు కొమ్ము అని చూపించడానికి అక్కడ రెండు గంటలు కేటాయించారు. 2025లో భౌగోళిక గుర్తింపు పొందిన మా చపాట మిర్చి ఈ మాట వింటే ఇంకాస్త ఎర్రబడుతుంది. దాల్చినచెక్క ఒక్కటే మాకు కొత్త. దానికి పావుగంట చాలు. మిగతా గంటా ముప్పావు దయచేసి సముద్రానికి బదిలీ చేయండి.

ధర గురించి ఎక్కువ రాయను, నక్షత్రం గుర్తులే చాలావరకు రాసేశాయి. మాల్దీవుల్లో తలకు, రాత్రికి హరిత పన్ను 2025 నుంచి రిసార్టుల్లో 12 డాలర్లు, చిన్న అతిథిగృహాల్లో 6 డాలర్లు. బాలిలో విదేశీ యాత్రికుడి మీద 2024 నుంచి లక్షా యాభై వేల రూపాయల సుంకం (కంగారు పడకండి, ఇండోనేషియా రూపాయలే). ఇవి ధరలో కలిశాయా అంటే జవాబు లేదు. దీవులకు చేర్చే సీప్లేన్లు, అంటే నీటి మీద దిగే విమానాలు, పగటిపూట మాత్రమే ఎగురుతాయి కాబట్టి, మీరు పెట్టిన విమానం చీకటి పడ్డాక మాల్దీవుల రాజధాని మాలేలో దిగితే ఆ రాత్రి ఎక్కడ పడుకోవాలి, దాని బాడుగ ఎవరు కట్టాలి అన్నదానికీ జవాబు లేదు. తెలుగు వంటవాడు వస్తాడని, రోజూ పప్పుచారు ఉంటుందని మాత్రం రెండుసార్లు రాశారు. చిత్తం.

ఇప్పుడు మీ పేరులోనే ఉన్న గ్యారంటీ దగ్గరికి వస్తాను. "అన్నా, మీరు టెన్షన్ వడకుర్రి, అల పక్కా" అని కౌంటరు దగ్గరి తమ్ముడు చెప్పాడు. మర్యాదస్థుడు, చాయ్ కూడా తెప్పించాడు. కానీ మాల్దీవులకు, బాలికి వచ్చే మంచి అలలు దక్షిణ మహాసముద్రంలో వేల కిలోమీటర్ల అవతల లేచిన తుపానుల బిడ్డలు. అవి పుట్టి, ప్రయాణించి, తీరం చేరడానికి రోజులు పడుతుంది. అందువల్ల కొద్ది రోజుల ముందు సూచన చెప్పగలరు. ఇంకా పుట్టని తుపాను ఇచ్చే అలకు ఆరు నెలల ముందే పూచీ పడిన మీరు మా ఊరి జ్యోతిష్కుల పొట్ట కొడుతున్నారు. పోనీ, ఎంత ఎత్తు అల? మూడు అడుగులని రాశారు. హవాయి పాత పద్ధతిలో అలను వెనక వైపు నుంచి కొలిచేవారు. ఆ లెక్కన మూడు అడుగులంటే ఎదుట నిలబడినవాడికి అయిదారు అడుగులు కనిపిస్తుంది. మీరు ఏ వైపు నుంచి కొలిచారో తెలిస్తే మా ఇంట్లో ఎవరెవరు రావాలో తేల్చుకుంటాం.

అల రాకపోతే? సముద్రం పొంగి పడవలు ఆపేస్తే? పద్నాలుగో షరతు ప్రకారం 'ప్రకృతి కారణాల వల్ల కార్యక్రమం రద్దయిన పక్షంలో చెల్లించిన సొమ్ము వాపసు ఇవ్వబడదు'. ఈ షరతు రాసినవారికి నేను ఒక పాత కాగితం, కాదు, పాత రాయి చూపించదలచుకున్నాను. ఇదే ఊరు రాజధానిగా ఏలిన గణపతిదేవుడు 1244 ప్రాంతంలో మోటుపల్లి రేవులో ఒక అభయశాసనం వేయించాడు. అంతకు ముందటి రాజులు, తుపానుకు దెబ్బతిని ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల్లోని బంగారం, ఏనుగులు, గుర్రాలు, రత్నాలు సమస్తం బలవంతంగా లాక్కునేవారు. సముద్రయానంలో ప్రాణాలకు తెగించి వచ్చినవారి మీద దయతో, కీర్తి కోసం, ధర్మం కోసం, నిర్ణయించిన సుంకం తప్ప మిగిలినదంతా వారిదేనని ఆయన ప్రకటించాడు. ఎగుమతి దిగుమతుల మీద ఆ సుంకం ముప్పైలో ఒక వంతు. ఎంత తీసుకుంటారో ముందే రాయి మీద చెక్కించాడు, నక్షత్రం గుర్తు పెట్టలేదు. సముద్రం కొట్టిన దెబ్బకు సముద్రంలో దిగినవాణ్ణే మళ్ళీ కొట్టకూడదన్న ఇంగితం ఉప్పునీటికి ఇంత దూరంలో కూర్చున్న రాజుకు ఉంది. ఏడువందల ఎనభై ఏళ్ళ తర్వాత మీరు ఆయనకు ముందటి రాజుల పక్షాన చేరారు. వాళ్ళు కనీసం ఓడ మునిగేదాకా ఆగేవారు. మీరు అడ్వాన్సు బయలుదేరడానికి ముందే తీసుకుంటారు.

కాబట్టి నా కోరికలు చిన్నవి. నేను వెళ్ళే వారంలో ఆ తీరానికి ఏ గాలి వీస్తుందో, నీటి అడుగున ఇసుకో పగడమో, ఒక శిక్షకుడికి ఎంతమందిని అప్పగిస్తారో, నేర్చుకునేవాడికి ఇవ్వవలసిన ఎనిమిది తొమ్మిది అడుగుల మెత్తటి ఫోమ్ పలకే ఇస్తారో లేక ఎర్ర నిక్కరు ఆసామీ వాడే చిన్న పలక ఇస్తారో, పలక జారిపోకుండా చీలమండకు కట్టే తాడు గట్టిదో కాదో రాయండి. అల లేని రోజుకు గణపతిదేవుడి లెక్కన ముప్పైలో ఒక వంతు మీరు ఉంచుకొని మిగతాది వాపసు ఇవ్వండి. రెండు వంతులు ఉంచుకున్నా పేచీ పెట్టను, కాలం మారింది.

అడ్వాన్సుకు శనివారం ఆఖరు రోజన్నారు. అంతలోగా జవాబు రాకపోతే, గోదావరి ఎక్స్‌ప్రెస్ రాత్రిపూట వరంగల్లు మీదుగానే పోతుందని, తెల్లవారేసరికి విశాఖలో దించుతుందని, రుషికొండ దగ్గర అడుగున ఇసుకే ఉందని, అక్కడ సర్ఫింగ్ నేర్పేవాళ్ళు తెలుగులోనే తిడతారని మీకు తెలియజేసుకుంటున్నాను. పప్పుచారు ఖర్చు నేనే పెట్టుకుంటాను.

ఇట్లు,
పాస్‌పోర్టు చేతిలో ఉన్న,
అడ్వాన్సు ఇంకా జేబులోనే ఉన్న,
మీ విధేయుడు