అతిథి స్లిప్పర్ల వారి దివ్యసముఖానికి

కనజావా,
ఫిబ్రవరి నెల, వాన పడుతున్న రోజు (ఈ ఊళ్లో దీన్నిబట్టి తేదీ పట్టుకోవడం ఎవరి తరమూ కాదు)

మహారాజశ్రీ అతిథి స్లిప్పర్ల వారికి,

ఎక్స్ఛేంజ్ ప్రోగ్రాం మీద ఏడాది పాటు జపాన్ వచ్చిన విద్యార్థి ఒకడు నమస్కరించి రాయునది. ఉభయకుశలోపరి. నేను క్షేమం. నా మడమలే క్షేమంగా లేవు. ఈ ఉత్తరం వాటి తరఫున.

మీరు నన్ను గుర్తుపట్టకపోవచ్చు. బడి గుమ్మంలో ఉండే మీ దగ్గరికి రోజూ ఎవరో ఒకరు వస్తూనే ఉంటారు. పిల్లల అమ్మానాన్నలు, జిరాక్స్ మిషన్ బాగుచేసే అతను, పక్క బడి టీచరు. అందరికీ మీరు ఒకటే సైజు. నా ఆనవాలు చెబుతాను. బూట్లు విప్పి, తడి గొడుగు ఎక్కడ పెట్టాలో తెలియక దాన్ని చంటిపిల్లలా ఎత్తుకుని, మీలో కాళ్లు దూర్చి, సగం పాదం బయటే మిగిలిపోయినవాణ్ని నేనే. ఇక్కడ చెప్పుల సైజు సెంటీమీటర్లలో చెబుతారు. నాది 28. మీది అడగడం మర్యాద కాదు. 24 దాటదని మాత్రం నా మడమ ఏ కోర్టులోనైనా సాక్ష్యం చెబుతుంది.

మీ రూపం నాకు కళ్లు మూసుకున్నా కనబడుతుంది. ముదురు గోధుమ రంగు రెక్సిన్. పైన బంగారు అక్షరాలతో బడి పేరు, వాడగా వాడగా సగం రాలిపోయి. లోపల అరికాలు తగిలే చోట అద్దంలా నున్నగా, జనవరిలో అయితే ఐసుముక్కలా. చెక్క గూట్లో ఒకదాంట్లో ఒకటి దూరి నిలబడి ఉంటారు. మీ పక్కనే పిల్లల చెప్పుల అరలు. ఒక్కో అర మీద ఒక్కో పేరు. అందులో ఉవాబాకి, అంటే బడి లోపల మాత్రమే వేసుకునే తెల్ల బూట్లు, వాటి మీద కూడా పేరే. ఆరేళ్ల పిల్లకి సైతం ఆ బడిలో సొంత అర, సొంత బూట్లు. మీ మీద మాత్రం ఎవరి పేరూ ఉండదు. మీరు అందరివారు. అందుకే ఎవరికీ పట్టరు.

మీకూ నాకూ పరిచయం ఎలా అయిందంటే, అక్టోబరులో నేనిక్కడ దిగిన మూడో వారం యూనివర్సిటీ విదేశీ విద్యార్థుల ఆఫీసు నుంచి మెయిల్ వచ్చింది. ఊళ్లోని ప్రాథమిక పాఠశాలల్లో 'అంతర్జాతీయ అవగాహన' క్లాసులు ఉంటాయి, వెళ్లి మీ దేశం గురించి చెబుతారా అని. ఎగిరి గంతేశాను. అప్పటికి డార్మిటరీలో నన్ను పలకరిస్తున్నది రైస్ కుక్కర్ ఒక్కటే. (అన్నం అవగానే పాట పాడుతుంది. ఆ పాట కోసం ఎదురుచూసిన సాయంత్రాలు ఉన్నాయి, నవ్వకండి.)

మొదటి బడి గుమ్మంలో ఒక పెద్దాయన నడుం వంచి నమస్కరించారు. 'క్యోతో సెన్సేయ్' అని పరిచయం చేశారు. క్యోటో నుంచి వచ్చిన మాస్టారు కాబోలనుకుని, మీ ఊళ్లో గుళ్లు చాలా బాగుంటాయండీ అన్నాను. ఆయన మూడు సెకన్లు ఆలోచించి, అవునండీ అన్నారు. క్యోతో అంటే ఉప ప్రధానోపాధ్యాయుడని రాత్రి డిక్షనరీ చూస్తే తెలిసింది. ఊరి పేరు చివర పొట్టి అచ్చు, హోదా చివర దీర్ఘం. అంతే తేడా. నేను 'కొన్నిచివా' అన్న మరుక్షణం 'జపనీస్ ఎంత బాగా మాట్లాడుతున్నారో' అని మెచ్చుకున్నదీ ఆయనే. గుళ్ల సంగతి విన్నాక ఆ మాట మళ్లీ అనలేదు.

అప్పుడాయన రెండు చేతులతో మిమ్మల్ని గూట్లోంచి తీసి, నా కాళ్ల ముందు పెట్టి, 'దోజో' అన్నారు. మన దయచేయండి అన్నమాట.

క్లాసు మూడో అంతస్తులో. పిల్లల బూట్లు చప్పుడు చేయవు. మీరు చేస్తారు. టప్, టప్, టప్. నేను వస్తున్న కబురు నాకంటే ముందే కారిడార్ చివరిదాకా వెళ్లిపోతుంది. తరగతుల కిటికీల్లో ముప్ఫయ్యేసి తలలు తిరుగుతాయి. కాలివేళ్లన్నీ కొంగ గోళ్లలా ముడిచి మిమ్మల్ని పట్టుకుని మెట్లెక్కుతున్నాను. రెండో అంతస్తు మలుపులో మీ ఎడమ వారు నా కాలు వదిలేసి మెట్టు మెట్టుకీ దెబ్బ తింటూ కిందికి దిగిపోయారు. క్యోతో సెన్సేయ్ దిగి వెళ్లి, తెచ్చి, నా ముందు పెట్టి, క్షమించమన్నారు. నా కాలు పెద్దదైనందుకు ఆయన క్షమాపణ! నేనూ క్షమించమన్నాను. ఆయన మళ్లీ అన్నారు. ఆ మెట్ల మీద ఇద్దరం తలా నాలుగుసార్లు వంగాక గానీ పైకి కదల్లేకపోయాం.

(బాత్రూంలో మాత్రమే వేసుకోవాల్సిన స్లిప్పర్లతోనే క్లాసులోకి వచ్చేసిన కథ ఒకటి జపాన్ వెళ్లిన ప్రతివాడూ చెబుతాడు. నాకూ ఉంది. చెప్పను.)

క్లాసులో నా మెడలో వేసిన అట్ట మీద నా పేరు. వాళ్ల లిపిలో 'ల' పలకదు, 'ర' అవుతుంది. 'వ' ఉన్నచోట 'బ' పెడతారు. దాంతో వల్లభ అనే నేను 'బర్రబా' నయ్యాను. బర్రె దాకా వెళ్లి ఒక్క అడుగు వెనక్కి వేసినట్టు. ముప్ఫై మంది ఒక్క గొంతుతో 'బర్రబా సెన్సేయ్' అని పిలిచినప్పుడు నా ముఖంలో కదిలిందేమిటో అక్కడ ఎవరికీ అర్థం కాలేదు.

ఇక ప్రశ్నలు. ఇక్కడ రెండో తరగతిలో 'కుకు' అని, తొమ్మిదో ఎక్కం దాకా పాటలా వల్లెవేయిస్తారు. భారతీయులకి మాత్రం పంతొమ్మిదో ఎక్కం పంతొమ్మిదుల దాకా నోటికి వచ్చని గట్టి నమ్మకం. ఇండియా పద్ధతి లెక్కలని పుస్తకాలే అమ్ముతారు. చెయ్యెత్తిన మొదటి కుర్రాడే అడిగాడు, పంతొమ్మిది పంతొమ్మిదులు ఎంత అని. నేను గుటక మింగిన శబ్దం మైకులో వినిపించింది. ఆ రాత్రి 361 అని గోడ మీద రాసుకున్నాను. తర్వాత మూడు బడుల్లో రెప్ప వేయకుండా 361 అని చెప్పి, చప్పట్లు కొట్టించుకున్నాను. నాలుగో బడిలో రెండు జడల పిల్ల ఒకతి లేచి, పద్దెనిమిది పదిహేడులు అంది. 296 అన్నాను. ఇప్పుడు ప్రతి పిల్ల చేతిలోనూ బడి ఇచ్చిన ట్యాబ్లెట్ ఉంటుంది కదా. దాన్ని చూసి, నన్ను చూసి, 'కొంచెం తేడా ఉందండీ' అంది, నొప్పించకుండా. దేశం పరువు పది తేడాతో పోయింది.

ఏనుగెక్కి బడికి వెళ్లేవారా అన్న ప్రశ్న ఏ బడిలోనూ తప్పలేదు. మొదట్లో ఒళ్లు మండేది. తర్వాత ఒక టీచరు స్టాఫ్‌రూంలో టీ పోస్తూ చెప్పారు. యుద్ధంలో, 1943లో, బాంబులు పడితే తప్పించుకుంటాయని టోక్యో ఉఎనో జూలో ఏనుగులను తిండి పెట్టకుండా చంపేశారట. యుద్ధం అయ్యాక, మాకో ఏనుగు కావాలని అక్కడి పిల్లలు నెహ్రూకి ఉత్తరాలు రాశారు. 1949లో ఆయన ఒక ఏనుగును పంపారు, తన కూతురి పేరే పెట్టి. ఇందిర. ఈ పిల్లల తాతలకి ఇండియా అంటే ముందు గుర్తొచ్చేది అదే మరి. ఇందిర 1983లో చనిపోయేదాకా ఆ జూలోనే ఉంది. దాదాపు 34 ఏళ్లు అతిథిగా. ఏడాదికే ఉత్తరాలు రాస్తున్న నేను టీ కప్పులోకి చూస్తూ కూర్చున్నాను. అయినా ఆవిడకో సుఖం ఉంది లెండి. స్లిప్పర్లు వేసుకోమని ఎవరూ అని ఉండరు.

జనవరి 22న వెళ్లిన బడిలో మధ్యాహ్నం కర్రీ. ఆ తేదీకి కర్రీ రోజని పేరు. 1982లో దేశమంతా బడి భోజనంలో ఒకే రోజు కర్రీ పెట్టాలని ఎంచుకున్న తేదీ అది. తెల్ల కోట్లు, టోపీలు పెట్టుకున్న పిల్లలే వడ్డించారు. 200 మిల్లీలీటర్ల పాల ప్యాకెట్ పక్కన పెట్టారు. తినే ముందు అనే మాట, 'ఇతదకిమాస్' అన్నారు. కానీ ఎవరూ తినరే! స్పూన్లు గాల్లో ఆపి నా నోటికేసి చూస్తున్నారు. ఇది ఇంగ్లిషువాళ్ల చేతి మీదుగా ఇక్కడికొచ్చి, గోధుమపిండితో చిక్కబడి, తియ్యబడి, పూర్తిగా వీళ్లదే అయిపోయిన వంట. నాకూ దానికీ చుట్టరికం లేదు. ఏం చెప్పను? 'అచ్చం మా ఇంట్లో లాగే ఉంది' అన్నాను. క్లాసంతా కేరింతలు. అబద్ధమాడినందుకు రెండోసారి వడ్డించారు.

ఇక్కడ ఒక మాట ఒప్పుకోవాలి. తప్పంతా వాళ్లది కాదు. నడి చలికాలంలో పట్టు జుబ్బా తొడుక్కుని, అవే 14 స్లైడ్లు పట్టుకుని ఊరూరా తిరిగింది నేనే. 12వ స్లైడులో ఏనుగు బొమ్మ పెట్టిందీ నేనే.

మీరు బడుల్లో మాత్రమే ఉంటారనుకున్నాను. కాదు, మీ వంశం పెద్దది. నాతో సెమినార్‌లో ఉన్నవాళ్లు ఎంత మంచివాళ్లో! కనబడితే చాలు, 'ఈసారి ఎప్పుడైనా కలిసి భోంచేద్దాం' అంటారు. మొదటిసారి విన్నప్పుడు నేను ఫోన్ తీసి, క్యాలెండర్ తెరిచి, ఏ రోజు అని అడిగాను. ఆ నిశ్శబ్దం నాకిప్పటికీ చెవుల్లో ఉంది. అది కూడా స్లిప్పరే అని ఇప్పుడు తెలుసు. మర్యాదగా ముందు పెడతారు, దాంతో పరుగెత్తాలని చూడకూడదు. నిజంగా పిలిచింది ఒక్కసారి, ఇజకాయాలో, అంటే ఇక్కడి తాగి తినే హోటల్లో, పార్టీకి. అక్కడా బూట్లు విప్పించారు. నేను రెండు గ్లాసుల ఊలాంగ్ టీ తాగాను. బిల్లు అందరికీ సమానంగా పంచితే నా వాటా 3,500 యెన్‌లు. ఆ ఒక్క విషయంలో నన్ను అతిథిలా చూడలేదు, సంతోషం.

ఇక చెత్త సంగతి. కాలేది, కాలనిది, ప్లాస్టిక్, సీసాలు, ఒక్కోదానికి ఒక్కో రోజు. తప్పు రోజు పెడితే సంచి మీద స్టిక్కర్ అంటించి అక్కడే వదిలేస్తారు. ఈ ఊళ్లో నాతో క్రమం తప్పకుండా ఉత్తరప్రత్యుత్తరాలు నడిపింది ఆ స్టిక్కర్ ఒక్కటే.

సరే, అసలు విషయానికొస్తాను. మొన్న శుక్రవారం నా ఆఖరి బడి. భోజనాలయ్యాయి. పాట మొదలైంది. అది శుభ్రం చేసే వేళ. ఇక్కడ బడి ఊడ్చేదీ తుడిచేదీ పిల్లలే. బల్లలు వెనక్కి నెట్టారు, కిటికీలు తీశారు, చలిగాలి కొట్టింది. నన్ను మాత్రం ఒక కుర్చీలో కూర్చోబెట్టారు. నా చుట్టూ తుడుస్తున్నారు. నా కాళ్ల దగ్గరికి వచ్చేసరికి ఒక కుర్రాడు 'క్షమించండి' అన్నాడు. నేను రెండు కాళ్లూ ఎత్తాను, మీతో సహా. వాడు కింద తుడిచి వెళ్లిపోయాడు. అంతకంటే సామాను ఏముంటుంది చెప్పండి?

అరికాలి మంట నెత్తికెక్కింది. మీకు కొత్త కాదేమో, నాకు కొత్త. లేచి, కారిడార్‌లోకి నడిచి, మిమ్మల్ని గోడ పక్కన చెరో దిక్కుకీ విదిల్చేసి, ఒక తడిగుడ్డ ఇమ్మన్నాను. ఆ బడి క్యోతో సెన్సేయ్ పరుగున వచ్చి, వద్దండీ, మీరు అతిథులు, వద్దండీ. ఆయన ఆ మాట మూడోసారి అనేలోపు ఎవరో వెనక నుంచి నా చేతిలో గుడ్డ పెట్టారు. ఎలా తుడుస్తారో తెలుసుగా, మీరు రోజూ చూస్తారు. రెండు చేతులూ గుడ్డ మీద, నడుం పైకి, వరసగా నిలబడి కారిడార్ ఈ చివర్నుంచి ఆ చివరికి పరుగు. నా కుడి మేజోడుకి బొటనవేలి దగ్గర చిల్లు. ముందు ఒకడు చూశాడు. తర్వాత అందరూ చూశారు. 'బర్రబా సెన్సేయ్, వేలు!' అని అరిచారు. ఆ అరుపులో సెన్సేయ్ అన్న మాట ఉంది గానీ గౌరవం లేదు. అక్టోబరు నుంచి నేను ఎదురుచూసింది ఆ అగౌరవం కోసమే కాబోలు. మూడో తరగతి పిల్ల చేతిలో చిత్తుగా ఓడిపోయాను. మోకాలు ఇంకా వాచే ఉంది. మళ్లీ పందెం వేశాను. మళ్లీ ఓడాను.

పాట ఆగింది. గుడ్డ పిండి ఆరేసి, మీ కోసం వచ్చాను. చెరో దిక్కున పడి ఉండాల్సిన మీరు పక్కపక్కనే ఉన్నారు. ఎవరో పిల్లలు సర్దారు. ఇక్కడ చిన్నప్పుడే నేర్పుతారట, విప్పిన చెప్పులను జతగా పెట్టి, ముక్కులు బయటికి తిప్పి ఉంచాలని. మళ్లీ వేసుకోవడానికి వీలుగా. మీ ముక్కులు రెండూ మెట్ల వైపుకి, కింద గుమ్మానికేసి, ఒక్క వెంట్రుక తేడా లేకుండా తిరిగి ఉన్నాయి.

దయచేయండి అన్నట్టే ఉంది. రమ్మనో, పొమ్మనో మీరే తిరుగుటపాలో తెలియజేయగలరు.

ఇట్లు,
28 సెంటీమీటర్ల పాదం (రెండు)

తా.క.: మడమ కింద పెట్టుకోవడానికి ఆ రోజు వాళ్లిచ్చిన సంతకాల అట్ట సరిగ్గా సరిపోయేంత ఉంది. పెట్టలేదు. గోడ మీద 361 పక్కన అంటించాను.